ప్రింట్లా, పీడీఎఫ్ఫా: ఫొటోగ్రఫీ కోర్సువర్క్ ఎలా ఇస్తే మేలు?

కడపలో మా బ్యాచ్‌లో ప్రతిసారీ ఇదే గొడవ, ఫొటోలు ప్రింట్ వేయించాలా, పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేస్తే సరిపోతుందా అని. నేను రెండూ చేశాను. పీడీఎఫ్‌కి ఖర్చు లేదు, ముందురోజు రాత్రి కూడా ఒక ఫొటో తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. కానీ అది ఏ స్క్రీన్ మీద తెరుచుకుంటుందో మన చేతిలో ఉండదు. గండికోటలో సాయంత్రం తీసిన పెన్నా లోయ ఫొటో నా ల్యాప్‌టాప్‌లో ఎర్రరాళ్ల మీది పగుళ్లతో సహా కనిపించింది, క్లాసులో ప్రొజెక్టర్ మీద వేస్తే నీడలన్నీ బూడిద రంగులోకి పోయి, నది ఎక్కడుందో నేనే వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.

ప్రింట్‌తో ఆ బాధ లేదు, చేతిలోకి తీసుకుని దగ్గరగా చూస్తారు. పని మాత్రం ఎక్కువ. 12×8 అంగుళాలకి 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) లెక్కన 3600×2400 పిక్సెళ్లు కావాలి, వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న కాపీతో పని జరగదు. స్క్రీన్ వెలుగు బాగా పెంచుకుని ఎడిట్ చేస్తే ప్రింట్ నల్లగా వస్తుంది, అందుకే ముందు చిన్న సైజులో ఒకటి వేయించి చూసుకోండి. పేపర్ మ్యాట్ అయితే నయం, గ్లాసీ మీద ఫొటో కంటే ముందు ట్యూబ్‌లైట్ కనిపిస్తుంది. ల్యాబ్‌లో "అన్నా, ఆటో కరెక్షన్ వేయొద్దు" అని గట్టిగా చెప్పండి, లేకపోతే మన ఎర్రమట్టి కాస్తా గులాబీ రంగులోకి తిరుగుతుంది (నాకు అయింది).

నేనైతే చివరికి ఎంచుకున్న పది ఫొటోలు ప్రింట్ వేయించి, కాంటాక్ట్ షీట్లు (తీసిన ఫొటోలన్నీ చిన్నచిన్నగా ఒకే పేజీలో కనిపించేవి), ఏది ఎందుకు వదిలేశానో రాసిన నోట్స్ పీడీఎఫ్‌లో ఇస్తాను.