అండమాన్ ప్రయాణంలో సామాన్లో తిండి: వండినదా, పొడి మిక్సులా, సరుకులా? ఏది మేలు?

పూజా సెలవులు దగ్గరపడ్డాయంటే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగిళ్లలో ఒకటే ప్రశ్న: పిల్లలతో అండమాన్ వెళ్తున్నాం, తినడానికి ఏం పట్టుకెళ్లాలి? పులిహోర, చపాతీలు వండి కట్టుకోవాలా, వేడినీళ్లు పోస్తే అయిపోయే మిక్సులు మేలా, లేక బియ్యం పప్పు కుక్కరు మోసుకుపోవాలా?

అక్కడ తిండి దొరకదన్న భయం అక్కర్లేదు. అండమాన్‌లో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, శ్రీవిజయపురంలో (పాత పోర్ట్ బ్లెయిర్) ఇడ్లీ, దోసె, అన్నం హోటళ్లు ఉన్నాయి. ఇబ్బంది వేళలతోనే వస్తుంది. ఆ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకే అయిదు, అయిదున్నరకే తెల్లారిపోతుంది, సాయంత్రం అంతే తొందరగా చీకటి పడుతుంది. హావ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్), నీల్ (షహీద్ ద్వీప్) వెళ్లే పడవల్లో చాలావి పొద్దున్నే బయల్దేరతాయి. లాడ్జిలో టిఫిన్ పెట్టేసరికి మీరు జెట్టీ దగ్గర వరసలో నిలబడి ఉంటారు. కాబట్టి మీరు మోసుకెళ్లే తిండి మూడు పూటల భోజనం కోసం కాదు. ఆ పడవ పొద్దుల కోసం, రాత్రి తొమ్మిది దాటాక పిల్లలకు వేసే ఆకలి కోసం.

ఈ లెక్కన చూస్తే రుచి, ఖర్చు, బరువు అన్నీ తర్వాతి మాటలే. తేల్చేది తేమ. తిండిలో ఎంత నీరుంది, బయటి గాలిలోని తేమను అది ఎంత పీల్చుకుంటుంది అన్నదే అసలు ప్రశ్న. అక్టోబరు, నవంబరుల్లోనూ అక్కడ వానలు పడతాయి, గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది.

వండిన తిండి ఇంటి నుంచి ఆ దీవి దాకా తినడానికే. అన్నం ఉడికినా చావని బాక్టీరియా బీజాలు కొన్ని ఉంటాయి. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం తయారుచేస్తాయి, తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. పులిహోరకు చింతపండు పులుపు కొంత రక్షణే, కానీ ప్రతి మెతుకుకూ పట్టాలి, అన్నం పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లార్చాకే కలపాలి. సాయంత్రం నాలుగింటికి కలిపిన పులిహోరను ఆ రాత్రి రైల్లోనే ముగించండి. మర్నాడు విమానం దిగాక తినేందుకు దాచొద్దు. చపాతీలు మర్నాటి ఉదయం దాకా ఆగుతాయి, అదీ విడివిడిగా ఆరబెట్టాక దొంతర పెడితేనే. వేడిమీద డబ్బాలో పెడితే ఆవిరి నీరై అడుగు చపాతీలు జిగటగా మారతాయి. పక్కన బంగాళాదుంప కూర వద్దు, నల్లకారమో వెల్లుల్లి కారమో చాలు. ఛెనా పోడ ఎంత ఇష్టమైనా ఇంట్లోనే తినేసి బయల్దేరండి. అది విరిగిన పాల ముద్దతో కాల్చిన మిఠాయి, ఫ్రిజ్ లేకుండా ఎక్కువసేపు నిలవదు.

పొడి మిక్సుల్లో అటుకులది మొదటి స్థానం. ఉప్మా మిక్సు కన్నా అటుకులనే గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే రవ్వ ఉడకాలి, అటుకులు నానితే చాలు. వెంట తీసుకెళ్లే కరెంటు కెటిల్లో కాచిన నీళ్లు పోసి మూతపెట్టిన రవ్వ అక్కడక్కడ పచ్చిగా ఉండిపోతుంది, ఉండలు కడుతుంది. కెటిల్లోనే ఉప్మా వండేద్దామనుకుంటే అడుగు మాడి కెటిల్ పాడవుతుంది.

ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, మూడు పడవ పొద్దులు అనుకుంటే 700 గ్రాముల మధ్యరకం అటుకులు తీసుకోండి. పలచని కాగితపు అటుకులైతే ముద్దవుతాయి. సన్నటి సెగమీద, రంగు మారకుండా, వేళ్లతో నలిపితే పటుక్కున విరిగేదాకా వేయించి చల్లార్చండి. విడిగా నాలుగైదు చెంచాల నూనెలో వేరుసెనగ గుళ్లు, సెనగపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేయించాలి. కరివేపాకు గలగలలాడేదాకా వేగకపోతే దాని తడే మొత్తం మిక్సును మెత్తబెడుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయొద్దు. పులుపుకు చింతపండు గుజ్జు కాదు, ఆమ్‌చూర్ పొడి. ఉప్పు, పసుపు కలిపి, పూర్తిగా చల్లారాక ఒక్కో పొద్దుకు ఒక్కో పొట్లం కట్టండి. ఒకే పెద్ద డబ్బాలో పెడితే తీసిన ప్రతిసారీ గాలి తగిలి మూడోనాటికి మెత్తబడుతుంది. తినేటప్పుడు కప్పు మిక్సుకు మొదట అర కప్పు మరిగిన నీళ్లు పోసి అయిదు నిమిషాలు మూతపెట్టి, పొడిగా అనిపిస్తే ఇంకొంచెం చిలకరించండి.

దీని పక్కన మన ఒడిశా ఛతువా పెట్టండి. గోధుమ, సెనగ, వేరుసెనగ వేయించి పొడి చేసి పంచదార కలిపినది 400 గ్రాములు చాలు. రాత్రిపూట చల్లారిన మరిగించిన నీళ్లలోనో పాలలోనో కలిపితే పిల్లలకు కడుపు నిండుతుంది. చోడిపిండి జావ కూడా బలమే, కానీ దాన్ని పొయ్యిమీద కాయాలి.

పచ్చడి లేకుండా మనవాళ్లు కదలరు, బరంపురం పచ్చళ్లు దగ్గరుండగా అసలే కదలరు. 250 గ్రాములు మించొద్దు. బెల్లం ఆవకాయలా గట్టిగా ఉన్నదైతే మంచిది. పైకెళ్లాక విమానంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, సీసాలో మూత కింద ఉన్న గాలి వ్యాకోచించి నూనెను మూత సందుల్లోంచి తోస్తుంది. అందుకే సీసా కన్నా మందపాటి జిప్ కవరు మేలు. గాలి నొక్కి తీసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, స్టీలు డబ్బాలో ఉంచి చెక్-ఇన్ పెట్టెలో వేయండి. చేతి బ్యాగులో నూనె పచ్చడి, కారప్పొడి పెడితే తనిఖీలో తీసేస్తారు. ఎండు కొబ్బరి కురిడీ చెక్-ఇన్ పెట్టెలోనూ పెట్టొద్దు. దానిలో నూనె ఎక్కువ, అంటుకునే గుణం ఉంది, పెట్టె తెరిపిస్తారు. పొడుల్లో కూడా కొబ్బరి చెమ్మకు తొందరగా కనరెక్కుతుంది, పుట్నాల పప్పుతో చేసుకోండి. ఎలాగూ ఆ దీవుల నిండా కొబ్బరిచెట్లే.

బియ్యం, పప్పు, కుక్కరు వంటగది ఉన్న హోమ్‌స్టే దొరికినవాళ్లకే. బియ్యం అక్కడే కొనుక్కుని పోపు సామాను, సాంబారు పొడి మాత్రం తీసుకెళ్తే చాలు. లాడ్జి గదిలో వంట ఒప్పుకోరు. బజారులో దొరికే, వేడినీళ్లు పోసుకుని తినే రెడీమేడ్ కప్పులు రెండు అత్యవసరానికి సరే, అంతకుమించి వద్దు. ఖర్చు ఎక్కువ, చెత్త దీవిలో వదలాలి.

చిరుతిళ్లలో జంతికలు రోజుకొక పొట్లంగా కట్టండి. అరిసెలు ఆగుతాయి, కానీ చీమలు పడతాయి, బిగుతు మూత డబ్బా కావాలి. ఖజా చెమ్మకు జిగురెక్కుతుంది. అప్పడాలు వేయించేందుకు పొయ్యి ఉండదు, ఇంట్లోనే ఉంచండి.

అన్నీ కలిపి మూడు కిలోల లోపే తేలుతుంది, కెటిల్‌తో నాలుగు. చాలా ఎకానమీ టికెట్లలో మనిషికి 15 కిలోల చెక్-ఇన్ ఉంటుంది కాబట్టి బరువు సమస్య కాదు. అయితే మొత్తం తిండి ఒకే పెట్టెలో పెట్టకండి. చెన్నైలోనో కోల్‌కతాలోనో విమానం మారేటప్పుడు ఒక పెట్టె వెనకబడొచ్చు. మొదటి పొద్దు అటుకుల పొట్లం, పిల్లల జంతికలు, బిస్కెట్లు చేతి బ్యాగులో ఉంచుకుని, మిగతావి రెండు పెట్టెల్లో సగం సగం సర్దండి.