సెల్ఫ్ హీలింగ్ కటింగ్ మ్యాట్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కాగితం, అట్ట, ఫెల్టు గుడ్డ, ఏది చేతికొస్తే దానితో ఏదో ఒకటి చేయడం, ఎలా చేశానో దశ దశకీ ఫొటో తీసి నలుగురికీ చూపించడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. చేతితో కుట్టిన నోట్‌బుక్కులు, అట్ట డబ్బాలు, గ్రీటింగ్ కార్డులు, గోడకు తగిలించే పేపర్ కటింగులు. వీటి గురించి సందేహాలు వస్తూనే ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది మాత్రం ఫొటోల్లో అడుగున కనిపించే గళ్ల షీటు సంగతి. దాని మీద కోస్తే గాట్లు పడవా, డబ్బు పెట్టి కొనాల్సినంత అవసరమా అని. దాన్ని కటింగ్ మ్యాట్ అంటారు. అవసరమే, కొనండి. అయితే అది ఎంతకాలం నిలుస్తుందన్నది ఏ కంపెనీది కొన్నారన్నదాని కంటే, మీ కట్టర్‌లో ఎలాంటి బ్లేడు ఉందన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఇన్నేళ్ల వాడకంలో నాకు బాగా తెలిసొచ్చిన విషయం ఇదే.

నా దగ్గర రెండు ఉన్నాయి. ఒకటి ఏ3 సైజు, అంటే సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు. రెండోది ఏ2, 60 పొడవు, 45 వెడల్పు. రెండూ 3 మిల్లీమీటర్ల మందం ఉన్నవే. ఒకవైపు ముదురాకుపచ్చ, రెండోవైపు బూడిద రంగు. రోజూ వాడేది చిన్నదే. బల్ల మీద అది పరిచాక కూడా పక్కన జిగురు సీసాకీ, స్కేలుకీ చోటు మిగులుతుంది. పెద్దది బయటికి తీసేది గుడ్డ కోసేటప్పుడు, లేదా పెద్ద అట్టల పని పెట్టుకున్నప్పుడు.

మ్యాట్ లేకుండా కూడా పని జరుగుతుంది, కాదనను. పాత అట్ట ముక్క మీద కోయొచ్చు. కానీ అట్ట మీద పడిన గాటు అలాగే గాడిగా ఉండిపోతుంది. తర్వాత కోసేటప్పుడు కత్తి మొన ఆ గాడిలోకి దిగి, మనం గీసుకున్న గీత వదిలేసి దాని వెంట పోతుంది. చెక్క పలక మీద కోస్తే చెక్క పొరలు బ్లేడును తమ వైపు లాగుతాయి. గాజు మీద గాటు పడదు కానీ బ్లేడు చూస్తుండగానే మొద్దుబారిపోతుంది, పైగా కాగితం జారుతుంది. కటింగ్ మ్యాట్ అసలు ఉపయోగం నాకు ఇక్కడే కనిపించింది. బల్లను కాపాడటం చిన్న సంగతి. పాత గాటు కొత్త గాటును దారి తప్పించకపోవడం, మొన కింద కాస్త మెత్తదనం ఉండి బ్లేడు పదును త్వరగా పోకపోవడం, ఇవీ అసలు లాభాలు. వంకర పోతుందేమోనన్న టెన్షన్ లేనప్పుడు చెయ్యి నిలకడగా కదులుతుంది. నిలకడగా కదిలిన చేతి కోత ఫొటోలో చూసినా తెలుస్తుంది.

ఇక సెల్ఫ్ హీలింగ్, అంటే గాట్లు వాటంతటవే మానడం సంగతి. ఈ మ్యాట్లు ఎక్కువగా పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. పైనా కిందా మెత్తటి పొరలు, మధ్యలో గట్టి పొర ఉంటాయి. పదునైన సన్నని బ్లేడు దిగినప్పుడు పై పొర రెండుగా విడుతుంది. అందులోంచి ఏమీ ఊడి రాదు. బ్లేడు వెళ్లిపోగానే ఆ రెండు అంచులూ మళ్లీ దగ్గరికి వచ్చి ఒరుసుకుంటాయి. అంతే జరుగుతుంది. విడిన చోటు అతుక్కుని కొత్తదైపోదు. వేలితో తడిమితే ఏమీ తగలదు, మ్యాట్‌ను కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే మాత్రం సన్నని గీతలు వందల్లో కనిపిస్తాయి. అలా కనిపించినంత మాత్రాన పాడైనట్టు కాదు. వేలికి గరుకు తగలడం మొదలైతే అప్పుడు ఆలోచించాలి.

అదే మొద్దుబారిన బ్లేడు అయితే పొరను విడదీయదు, చీల్చుకుంటూ పోతుంది. దాని వెంట పొడిలా సన్నని నలుసులు లేస్తాయి. లేచిపోయిన పదార్థం మళ్లీ రాదు కాబట్టి ఆ గాటు ఎప్పటికీ తెరిచే ఉంటుంది. మొద్దు బ్లేడుతో కోసేవాళ్లు తెగడం లేదని ఇంకా గట్టిగా నొక్కుతారు. అప్పుడు గాటు మధ్య పొర దాకా దిగుతుంది. "మ్యాట్ కొద్ది నెలల్లోనే పాడైపోయింది, నాసిరకం" అని నాతో చెప్పినవాళ్లను బ్లేడు ఎన్నాళ్లకు మారుస్తారని అడిగితే, తెగడం పూర్తిగా ఆగిపోయాకే మారుస్తామన్న జవాబే ఎక్కువగా వచ్చింది.

నా మ్యాట్‌లో నిజంగా దెబ్బతిన్న చోట్లు ఎక్కడున్నాయో చూస్తే కారణం ఇంకా బాగా అర్థమవుతుంది. నిటారు గీతలు కోసిన చోట దాదాపు ఏమీ లేదు. పాడైనవన్నీ మలుపుల దగ్గరే. పేపర్ కటింగ్‌లో చిన్న ఆకు ఆకారం కోసేటప్పుడు మొనను లోపలే ఉంచి తిప్పుతాం కదా, అక్కడ మొన గిర్రున తిరిగి పై పొరలోంచి ఆవగింజలో సగమంత తునకను పెకలిస్తుంది. రెండు గాట్లు ఒకదాన్నొకటి దాటే చోట కూడా అలాంటి తునకలే లేస్తాయి. అందుకే ఇప్పుడు కత్తిని తిప్పను, కాగితాన్ని తిప్పుతాను. డబ్బా మూలల్లాంటివి కోసేటప్పుడు మొనను మూలలో గుచ్చి బయటి వైపు లాగుతాను, మళ్లీ మూలలో గుచ్చి రెండో వైపు లాగుతాను. మూల శుభ్రంగా తెగుతుంది, గాట్లు ఒకదాన్నొకటి దాటవు.

దబ్బనం పోట్లయితే అసలు మానవు. నోట్‌బుక్ కుట్టడానికి కాగితాల మడతలో రంధ్రాలు పొడవాలంటే కింద పాత టెలిఫోన్ డైరెక్టరీ లాంటి లావుపాటి పుస్తకమో, ఫోమ్ ముక్కో పెట్టుకోండి. మ్యాట్ మీద పొడిస్తే ఆ రంధ్రం ఉండిపోతుంది, తర్వాత కత్తి మొన దానిలో తట్టుకుని ఆగుతుంది.

బ్లేడు గురించి ఇంకొంచెం చెప్పాలి. మొన అరిగినప్పుడు ఒక్కో ముక్క విరిచి పారేసే కట్టర్ మనందరికీ తెలిసిందే. దాన్ని 1956లో జపాన్‌లోని ఒసాకాలో యోషియో ఒకాడా అనే ఆయన తయారుచేశారు. ఆయన అప్పట్లో ప్రింటింగ్ పనిలో ఉండేవారు, కాగితం కోసే బ్లేడ్లు త్వరగా అరిగిపోవడం రోజూ చూసేవారు. చాక్లెట్ బార్‌ను గళ్ల వెంట విరుచుకోవడం, చెప్పులు కుట్టేవాళ్లు పగిలిన గాజు ముక్కల అంచుతో కోసి, అంచు అరిగితే మళ్లీ పగలగొట్టుకోవడం, ఈ రెండూ చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు. తర్వాత ఒల్ఫా అనే కట్టర్ల కంపెనీ అయింది ఆయన పెట్టిన సంస్థే. గుడ్డ కోయడానికి వాడే గుండ్రటి రోటరీ కట్టర్‌ను 1979లో తెచ్చింది కూడా వాళ్లే. ఒకాడా ఆలోచనలో ప్రాణమంతా ఆ విరవడంలోనే ఉంది. ముక్క విరవడానికి మనసు రాక అరిగిన మొనతోనే లాగించేవాళ్లు ఆ కట్టర్ వల్ల వచ్చే లాభాన్ని వదులుకున్నట్టే. ఒక బ్లేడు ముక్క కంటే మ్యాట్ ఖరీదు చాలా ఎక్కువ. కాగితం అంచు నూగుగా లేవడం మొదలైతే చాలు, విరిచేయండి. విరిచిన ముక్కలను మూత ఉన్న డబ్బాలో వేయండి, చెత్తబుట్టలో విడిగా పడేస్తే చెత్త ఎత్తేవాళ్ల చేతులు తెగుతాయి.

వెడల్పుల్లో 9 మిల్లీమీటర్లది కాగితానికి, 18ది అట్టకు. నోట్‌బుక్ అట్టలకు నేను 2 మిల్లీమీటర్ల గట్టి బూడిదరంగు బోర్డు వాడతాను. దాన్ని ఒక్క లాగులో తెంచాలని చూడకూడదు. మొదటి లాగు పైపైన, దారి గీసినట్టు ఉండాలి. తర్వాత అదే దారిలో నాలుగైదు సార్లు, అదే ఒత్తిడితో లాగాలి. ఆఖరి లాగుకి బ్లేడు మ్యాట్‌ను తాకీ తాకనట్టు తాకుతుంది. స్కేలు స్టీలుదే కావాలి, ప్లాస్టిక్ స్కేలు అంచును బ్లేడు చెక్కేస్తుంది. అడుగున కార్క్ అతికించి ఉన్న స్కేలు దొరికితే ఇంకా మంచిది, జారదు. స్కేలు పట్టుకున్న చేతి వేళ్లు అంచు దాటి బయటికి రాకుండా చూసుకోవాలి. పిల్లలకు నేర్పేటప్పుడు ఈ ఒక్క విషయం వాళ్లకు అలవాటయ్యేదాకా నేను పక్క నుంచి కదలను.

మ్యాట్ మీది గళ్ల సంగతి. ఒకవైపు సెంటీమీటర్లు, రెండోవైపు అంగుళాలు, అడ్డంగా 45, 60 డిగ్రీల గీతలు ఉంటాయి. కాగితాన్ని లంబంగా పెట్టుకోవడానికి, మధ్య గీత కనుక్కోవడానికి ఇవి ఎంతో ఉపయోగం. కానీ కొలతకు పూర్తిగా వీటినే నమ్మకండి. నా రెండు మ్యాట్లలో ఒకదాని గళ్లు స్టీలు స్కేలుతో పోలిస్తే 40 సెంటీమీటర్లకు దాదాపు ఒక మిల్లీమీటరు తక్కువ. గ్రీటింగ్ కార్డుకి ఆ తేడా లెక్కలోకి రాదు, మూత బిగుతుగా కూర్చోవాల్సిన డబ్బాకి మాత్రం వస్తుంది. కొన్న రోజే స్కేలు పెట్టి రెండు వైపులా సరిచూసుకోండి. మ్యాట్ అంచు నుంచి కాకుండా లోపల గీసిన సున్నా గీత నుంచే కొలవండి. వాడేకొద్దీ మధ్యలోని గీతలు చెరిగిపోతాయి. నా చిన్న మ్యాట్ ఆకుపచ్చ వైపు నడుమ భాగంలో ఇప్పుడు గళ్లు లీలగానే కనిపిస్తున్నాయి.

వేడి దీనికి బద్ధశత్రువు. పీవీసీ వేడికి మెత్తబడుతుంది, చల్లారాక ఏ ఆకారంలో ఉంటే అలాగే బిగుసుకుంటుంది. వేడి కప్పు పెట్టడం, ఇస్త్రీ పెట్టె ఆనించడం, ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర వదిలేయడం, ఎండలో నిలబెట్టిన కారులో ఉంచడం, ఏదీ పనికిరాదు. గోడకు చేరగిలబెట్టినా నెలలు గడిచేసరికి వంగుతుంది. చుట్టి దాచకూడదు. చదునుగా మంచం కింద గానీ, బీరువా పైన గానీ పడుకోబెట్టడమే పద్ధతి. కొద్దిగా వంగినదాన్ని గోరువెచ్చగా చేసి బరువైన పుస్తకాల కింద కొన్ని రోజులు ఉంచితే చాలావరకు చదునవుతుంది, పూర్తిగా అవుతుందని మాత్రం ఆశపడొద్దు. కొత్తలో ప్లాస్టిక్ వాసన గట్టిగానే ఉంటుంది, గాలి తగిలే చోట పెడితే కొన్ని వారాల్లో తగ్గుతుంది.

జిగురు విషయంలో మాత్రం ఇది చాలా మంచి సహాయకారి. తెల్ల జిగురు కారితే తుడవక్కర్లేదు, ఆరనిస్తే పొరలా ఊడి వస్తుంది. సూపర్ గ్లూ పడితే వదలదు. దాన్ని తీయడానికి నెయిల్ పాలిష్ రిమూవర్ పోయకండి, అందులో అసిటోన్ ఉంటే మ్యాట్ పైపొర కూడా దెబ్బతింటుంది. వేడి జిగురు వదిలే గ్లూ గన్‌తో పని చేసేటప్పుడు నేను పైన సిలికాన్ షీటు పరుస్తాను. శుభ్రం చేయడానికి చల్లటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి బ్రష్ సరిపోతాయి. గుడ్డ కోశాక గాట్లలో ఇరుక్కున్న నూగును మామూలు తెల్ల రబ్బరుతో రుద్దితే బయటికి లాగేస్తుంది. ఆ నూగు అలాగే ఉంటే గాట్లు మూసుకోవు, అందుకే ఈ పని వాయిదా వేయను.

ఫొటోలు తీసి నేర్పేవాళ్లకు ఒక మాట. తెల్ల కాగితం పని ఆకుపచ్చ వైపు పెట్టి ఫొటో తీస్తే కాగితం అంచుల్లో పచ్చటి ఛాయ పడుతుంది. బూడిద రంగు వైపు ఆ ఇబ్బంది లేదు, తెలుపు తెలుపుగానే వస్తుంది. నల్ల కాగితానికి మళ్లీ ఆకుపచ్చే నయం. బల్ల దీపం నేరుగా పైనుంచి పడితే మ్యాట్ మెరిసి గీతలు కనిపించవు, పక్క నుంచి వచ్చే వెలుగులో తీయండి. గళ్లు ఫొటోలో కనిపించడం వల్ల చూసేవాళ్లకు ముక్క ఎంత సైజో వెంటనే అర్థమవుతుంది. ఎంత కోయాలి, ఎక్కడ మడవాలి అని అడిగేవాళ్లు గళ్లు కనిపించేలా తీయడం మొదలుపెట్టాక బాగా తగ్గారు.

ఎవరికి అక్కర్లేదంటే, కత్తెరతోనే పని గడిచిపోయేవాళ్లకు. క్విల్లింగ్ (కాగితపు పట్టీలు చుట్టి చేసే బొమ్మలు), ఒరిగామి (కాగితం మడతలతో చేసేవి), అల్లికలు చేసేవాళ్లకు కూడా దీనితో పెద్దగా పనిలేదు. కత్తి పట్టేవాళ్లయితే ఏ3తో మొదలుపెట్టండి. ఏ4 సైజుది తీసుకుంటే ఏ4 కాగితం అంచులు బయటికి వేలాడతాయి, స్కేలు ఆనదు. మందం 3 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి, పలుచటివి బ్లేడు ఒత్తిడికి తట్టుకోవు.

నా చిన్న మ్యాట్ ఆకుపచ్చ వైపు ఇప్పుడు సన్నని కోతలకు పనికిరాదు, మధ్యలో వేలికి గరుకు తగులుతోంది. బూడిద వైపు ఇంకా నునుపుగానే ఉంది, కోతలన్నీ దాని మీదే. జిగురు పనులకు, రంగుల పనులకు తిరగేసి ఆకుపచ్చ వైపు వాడుతున్నాను. రెండోవైపు కూడా గరుకెక్కితే ఇదే సైజు, ఇదే మందం ఉన్నది ఇంకోటి కొంటాను.