ఇర్రి మంద చేన్లో పడితే: కాల్చాలా, పట్టుకుపోవాలా, కంచె వేయాలా?

మృగశిర కార్తెలో విత్తనం పడిందంటే చాలు, నారాయణపేట జిల్లాలోని మక్తల్, మాగనూర్, కృష్ణా మండలాల నుంచి నాకు ఇర్రి, అంటే కృష్ణజింక గురించి ఒకటే ప్రశ్న. "అన్నా, అడవిపందిని కాల్చనీకి పర్మిషన్ ఇస్తున్నరు, ఇర్రికి ఎందుకియ్యరు?" ఇంకొందరేమో "అన్నింటినీ పట్టుకపోయి నల్లమలల ఇడిచిపెట్టుమనరాదె" అంటారు. పోయిన ఏడు ఈ సంగతి నేనే తేల్చుకోవాల్సి వచ్చింది. కృష్ణ ఒడ్డున నాకు నాలుగెకరాల నల్లరేగడి ఉంది. కంది రెండుసార్లు విత్తాను. రెండుసార్లూ రెండాకుల మీద ఉండగానే కృష్ణజింకలు మేసిపోయాయి.

కాల్చమని అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ చట్టంలో ఆ దారి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇర్రి మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నింటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. మనిషి ప్రాణానికి ముప్పు తెస్తేనో, ఇక కోలుకోలేనంత గాయమో జబ్బో ఉంటేనో తప్ప దాన్ని చంపడానికి అనుమతి రాదు. పంట తిన్నదన్న కారణానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కూడా ఇవ్వలేరు. అడవిపంది ఆ షెడ్యూల్‌లో లేదు, అందుకే దాని సంగతి వేరు. 2016లో బీహార్‌లో నీల్‌గాయిలను కాల్చినప్పుడు కూడా అవి మొదటి షెడ్యూల్‌లో లేవు. కేంద్రం వాటిని కొంతకాలం హానికర జంతువులుగా ప్రకటించింది కాబట్టి కుదిరింది.

సరే, రేపు చట్టం మారిందే అనుకుందాం. అమెరికాలో జింకల వేటకు లైసెన్సులు ఇస్తారు, నిజమే. కానీ అక్కడ మందల అంచనా కట్టి, ఈ ప్రాంతంలో ఇన్ని మగవి, ఇన్ని ఆడవి అని ముందే కోటా పెడతారు. ఆడవాటిని తగ్గిస్తేనే మంద తగ్గుతుందని వాళ్లకు తెలుసు. మన దగ్గర తుపాకీ పట్టినవాడి చూపు మెలికల కొమ్ములున్న మగదాని మీదే పడుతుంది. ఒక్క మగది చాలా లేళ్లతో, అంటే ఆడవాటితో జతకడుతుంది. పది మగవాటిని పడగొట్టినా మరుసటి ఏడు పిల్లలు అన్నే పుడతాయి. పైగా చెట్టూ గుట్టా లేని చదును చేన్లలో, నాలుగు మళ్ల అవతల కూలీలు కలుపు తీస్తుండగా, తూటా ఎక్కడ ఆగుతుంది? నాకు అన్నింటికన్నా భయం అదే.

పట్టుకుని తరలించడానికి మాత్రం చట్టం ఒప్పుకుంటుంది. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ వైపు హెలికాప్టర్‌తో అదిలించి, గరాటులా కట్టిన బోమా అనే ఆవరణలోకి తోలి 800కు పైగా కృష్ణజింకలను తరలించారు. చంపకుండా అంత పని చేయడం గొప్ప విషయమే. కానీ ఇర్రి చాలా బెదురు జంతువు. తరిమి పట్టుకుంటే ఆ టెన్షన్‌కే కండరాలు దెబ్బతిని, ఒక్క గాయం లేకుండానే చచ్చిపోవచ్చు. అందుకే ఆ పని చెయ్యి తిరిగినవాళ్లే చేయాలి. ఇక నల్లమల మాట. అది దుప్పికి, కణుజుకు ఇల్లు. ఇర్రి బయలు జంతువు, దూరం నుంచే చూసి పరుగు తీసి బతికేది. దాన్ని గుట్టల అడవిలో దించితే దాని బలమే పోతుంది. ఇక్కడ మిగిలిన నాలుగు లేళ్లు కొన్నేళ్లలో మళ్లీ మంద అవుతాయి. తిండి మన చేన్లోనే దొరుకుతున్నంత కాలం ఇది ఆగదు.

నన్ను ఒక నిర్ణయానికి తెచ్చింది ఈ తిండి సంగతే. జూరాల, భీమా ప్రాజెక్టుల నీళ్లు రాకముందు ఇక్కడ బీళ్లు ఉండేవి, గైరాన్ (ఊరి ఉమ్మడి మేత భూమి) ఉండేది. నీళ్లొచ్చాయి, మనం బాగుపడ్డాం, అందులో తప్పు లేదు. కానీ గడ్డి పోయింది. ఆ గడ్డి మేసే జంతువు చేనుకొచ్చింది. అది ఏడాది పొడుగునా ఒకే తీరుగా నష్టం చేయదు. మొలక వచ్చినప్పటి నుంచి ముప్పై, నలభై రోజులు గండం. కంది నడుముకొచ్చాక నష్టం చాలా తగ్గడం నా చేన్లోనే చూశాను. ఇంకో మాట, పందిలా ఇది రాత్రి దొంగ కాదు. ఎక్కువగా పొద్దున, సాయంత్రం వెలుతురులోనే మేస్తుంది. అంటే కాపాడుకోవాల్సిన రోజులూ వేళలూ మనకు తెలుసు.

అందుకే సోలార్ కంచె వైపు మొగ్గాను, అదీ ఒక్కడిని కాదు. లెక్క చూడండి. నలుచదరం నాలుగెకరాల చుట్టూ కంచెకు సుమారు 510 మీటర్లు కావాలి. అలాంటి తొమ్మిది చేన్లు ఆనుకుని ఉండి, 36 ఎకరాలకు ఒకే కంచె వేస్తే మొత్తం 1,530 మీటర్లు చాలు, మనిషికి 170. ఖర్చు మూడో వంతుకు దిగుతుంది. మేం తొమ్మిది మందిమి కలిశాం. ఇర్రి దూకగలిగినా చాలాసార్లు తీగ కిందినుంచే దూరుతుంది, కాబట్టి కింది తీగ మోకాలి కన్నా దిగువన ఉండాలి. కలుపు తీగకు తగిలితే షాక్ బలం పడిపోతుంది, వారానికోసారి కోయాల్సిందే. కరెంటు లైన్ నుంచి నేరుగా తీగకు మాత్రం ఇవ్వకండి, మీకు దండం పెడతాను. సోలార్ యంత్రం క్షణంలో చిన్న భాగం సేపు కొట్టి వదిలేస్తుంది. లైన్ కరెంటు వదలదు, తెల్లారి నీళ్లు పెట్టడానికి వచ్చే పక్క రైతును చంపుతుంది.

కంచెలోనూ లోపం ఉంది. మా చేన్లోకి రాని మంద పక్క చేన్లోకి పోతుంది. అందుకే వాగు పక్కన దారి వదిలాం.

చీరలు, దిష్టిబొమ్మలు నాలుగు రోజులు పనిచేస్తాయి. నష్టపరిహారానికి ఫోటోలతో దరఖాస్తు పెట్టుకోండి, వచ్చింది తీసుకోండి, కానీ అదును తిరిగి రాదు.

నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట వైపు వాళ్లు కూడా దుప్పుల గురించి అడుగుతున్నారు. మీ సంగతి తలకిందులు. అమ్రాబాద్ పులుల అడవి మీ పక్కనే ఉంది, అక్కడ దుప్పి పులికి ఆహారం. దుప్పులు తగ్గితే పులి పశువుల మీద పడుతుంది. అక్కడ దుప్పులకు పెట్టిన ఉచ్చులు తీయించడమే మొదటి పని.

కలుపు తీసేటప్పుడు చాళ్లలో ముడుచుకుని పడుకున్న పిల్ల కనబడితే ఇంటికి తేకండి. తల్లి దాన్ని వదిలేయలేదు, దాచిపెట్టి మేతకు పోయింది.

వచ్చే గ్రామసభలో మా ఊరి గైరాన్ ఎంత మిగిలిందో సర్వే చేయమని అడుగుతున్నాం. వాగు పక్క దారి అక్కడికే పోతుంది. అక్కడ గడ్డి లేకపోతే కంచె మా తొమ్మిది మందికే పనికొస్తుంది, ఊరికి కాదు.