బొమ్మ పోయిన పాత టీవీ: బాగు చేయించాలా, మార్చేయాలా?

మా 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీకి ఎనిమిదేళ్లు. గత నెల సీరియల్ మధ్యలో మాటలు వస్తున్నాయి, బొమ్మ మాత్రం మాయం. కంపెనీ సర్వీస్ సెంటర్ అబ్బాయి వచ్చి, మూత కూడా విప్పకుండానే "ప్యానెల్ (బొమ్మ చూపించే తెర) పోయింది సార్, కొత్తది కొనుక్కోండి" అని విజిటింగ్ ఛార్జీ తీసుకుని వెళ్లిపోయాడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, కొనేద్దామని మా వాడు ఒకటే గోల.

నాకు మనసొప్పక కోఠి గుజరాతీ గల్లీ దగ్గర ఒక చిన్న రిపేర్ షాపుకి ఆటోలో వేసుకెళ్లా. ఆయన చేసిన మొదటి పని, లైటు ఆర్పి, టీవీ ఆన్ చేసి, తెరకి దగ్గరగా సెల్‌ఫోన్ టార్చ్ కొట్టడం. లోపల బొమ్మ లీలగా కదులుతోంది! అంటే ప్యానెల్ బాగానే ఉంది, దానికి వెనక నుంచి వెలుగిచ్చే బ్యాక్‌లైట్ పట్టీలు పోయాయన్నమాట. ఆ పట్టీల మీది ఎల్‌ఈడీ బల్బులు సిరీస్‌లో, అంటే ఒకదాని గుండా ఇంకోదానికి కరెంటు వెళ్లేలా ఉంటాయి కాబట్టి ఒక్కటి పోయినా చీకటే. ఒక్క పట్టీ మార్చమంటే ఒప్పుకోలేదు, "మిగతావాటికీ అదే వయసు కదన్నా, మొత్తం సెట్ వేద్దాం" అన్నాడు. 2,400 రూపాయలు, మూడు నెలల వారంటీ, తీసేసిన పట్టీలు కూడా చేతికిచ్చాడు. బ్యాక్‌లైట్ 100 మీద నడపొద్దని 60కి తగ్గించి మరీ పంపాడు.

గొడవల్లా చెప్పిన రోజుకి ఇవ్వకపోవడమే, మూడుసార్లు తిప్పాడు. ఒక మూల కాస్త తెల్లగా కొడుతోంది, క్రికెట్ చూసేటప్పుడు తెలుస్తుంది. తెర పగిలితే మాత్రం నేను రిపేర్ జోలికి పోను, ప్యానెల్ ఖరీదు దాదాపు కొత్త టీవీ అంత.