ఫుట్‌బాల్ క్లబ్బు ఎవరి చేతిలో ఉండాలి: ఒక్క యజమానా, అభిమానులా?

విజయనగరం అయోధ్య మైదానం దగ్గర మావాళ్ల మధ్య తెగని వాదన ఇది.

డబ్బు: యజమాని ఉంటే జీతాలకు ఒక్క సంతకం చాలు. అభిమానులైతే పోగెయ్యాలి. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్‌లో అభిమానులు తలా వెయ్యి పౌండ్ల వాటాలు కొని 2013లో క్లబ్బును కాపాడుకున్నారు.

శ్రమ: యజమాని ఉంటే టికెట్ కొనుక్కుంటే సరి. సభ్యులదైతే మీటింగులు, లెక్కలు, ఓట్లు.

రిస్కు: ఇక్కడే నాకు కడుపు మండుతుంది. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టు ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన రాత్రి, టీకొట్టు బాబాయి ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి పెట్టాడు. గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే పాలు పొంగిపోయినా ఎవరం చూడలేదు. రెండేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిలు. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయింది. అభిమానుల క్లబ్బైతే ఊరు దాటడానికి ముందు మనల్ని అడగాలి కదా! అయితే పెద్ద ఖర్చులకి ఆ చేతులు చాలవు. పోర్ట్స్‌మౌత్ వాళ్లే 2017లో ఓటేసి డిస్నీ కంపెనీ మాజీ అధిపతి మైకేల్ ఐస్నర్‌కి అమ్మేశారు.

అప్పుల్లో మునిగి, ఈ నెల జీతాలకే దిక్కులేని క్లబ్బుకి యజమానే కావాలి, లెక్కలు బయటపెడతానని రాసిచ్చాకే. అప్పుల్లేకుండా చిన్న లీగులో ఆడే ఊరి జట్టైతే సభ్యుల చేతిలోనే ఉండనివ్వండి. పెట్టుబడీ కావాలి, మాటా పోకూడదు అంటే జర్మనీ పద్ధతి ఉంది: ఓట్లలో సగం, ఆపైన ఇంకో ఓటు సభ్యులవే.