స్పర్శ బ్యాండ్ల జత: రెండేళ్లు వాడాక

నా ఎడమ చేతికి ఒకటి, ఎక్కడో దూరంగా ఉన్న అమ్మ చేతికి ఒకటి. నా బ్యాండ్ మీద వేలితో ఎన్నిసార్లు తడితే అమ్మ మణికట్టు మీద అన్నిసార్లు అదురుతుంది. మాటా లేదు, ఫొటో లేదు.

కొత్తలో రోజంతా తడుతూనే ఉన్నాం. నెల తిరిగేసరికి ఆ సరదా తీరిపోయి రెండే మిగిలాయి: పొద్దున్నే అమ్మ తట్టే మూడు చిన్నవి, అంటే లేచానని, రాత్రి పడుకునే ముందు నేను నొక్కి పట్టేది ఒకటి. ఫోన్ చేస్తే ఏదో ఒకటి మాట్లాడాలి. దీనికి జవాబు కూడా అక్కర్లేదు. నాకు బాగా నచ్చింది అదే.

ఇక తిట్టాల్సిన సంగతి. బ్యాండ్ నుంచి నా ఫోన్‌కి బ్లూటూత్, అక్కణ్ణుంచి ఇంటర్నెట్, అమ్మ ఫోన్, మళ్ళీ బ్లూటూత్. మధ్యలో ఎక్కడ తెగినా మనకు తెలిసేది నిశ్శబ్దమే. ఒకరోజు ఆ మూడూ రాలేదు. తొమ్మిదైంది, పదైంది. అమ్మ ఫోన్ ఎత్తలేదు. పక్కింటావిణ్ణి పంపితే, అమ్మ పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తోందట. ఫోన్‌లోని బ్యాటరీ సేవర్ ఈ బ్యాండ్ యాప్‌ని దానంతటదే మూసేసింది. తను ఎప్పట్లాగే తట్టింది, పైగా నేను పలకలేదని అలిగింది కూడా! కంపెనీకి రాస్తే యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నారు. తట్టింది చేరలేదని చెప్పడానికి చిన్న ఎర్ర లైటు పెట్టి ఉంటే నాకు అంత టెన్షన్ ఉండేది కాదు.

అదురు కూడా అచ్చం మెసేజ్ వచ్చినట్టే ఉంటుంది. నిమిరితే పలికే నరాలు మన చర్మంలో వేరే ఉన్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో మెల్లగా రాస్తే అవి బాగా స్పందిస్తాయి. బ్యాండ్‌లో అదిరే ఈ మోటారు వాటి జోలికే పోదు. 1990లలోనే ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో 'ఇన్‌టచ్' అని ఒకటి చేశారు. రెండు పెట్టెలు, ఒక్కోదానిలో మూడు రోలర్లు. ఇక్కడ తిప్పితే అక్కడా తిరుగుతుంది; అవతలివాళ్ళు పట్టి ఆపితే ఆ బిగువు మన వేళ్ళకు తెలుస్తుంది. చేతికి కట్టుకుని తిరగలేం, నిజమే. కానీ అవతల మనిషి ఉన్నారో లేదో అడగక్కర్లేదు.

ఛార్జింగ్ మొదట్లో మూడు రోజులు వచ్చేది, ఇప్పుడు ఒకటే. పట్టీ దురద పెడుతోందని అమ్మ లోపల మెత్తటి గుడ్డ కుట్టుకుంది, ఇప్పుడు బాగుందంటోంది.

వీళ్ళ కొత్త మోడల్ గుండె చప్పుడు కూడా పంపుతుందట. 2015లో వచ్చిన ఆపిల్ వాచీలోనే అది ఉంది, కొత్తేమీ కాదు. నేను మాత్రం కొనను. మూడు తట్లు రాకపోతేనే పక్కింటికి ఫోన్ చేశాను, రేపు గుండె చప్పుడు రాకపోతే?