దుబాయ్ డాల్ఫినా, చిలికా డాల్ఫినా, సూర్యలంక తాబేలా?

ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే నాకు ఈ ప్రశ్న మొదలవుతుంది. "అక్కా, పిల్లలకి డాల్ఫిన్లు చూపించాలి. దుబాయ్ షోకి తీసుకెళ్లమంటారా, చిలికాకా?" ఈ ఏడాది మా బెజవాడ అపార్ట్‌మెంట్ లిఫ్టులోనే ముగ్గురు అడిగారు. పోయిన డిసెంబరులో మేం ఒడిశాలోని చిలికా సరస్సుకి వెళ్లొచ్చాం కదా, అందుకని. మొన్న మార్చిలో బాపట్ల దగ్గర సూర్యలంక బీచిలో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటే కూడా చూసొచ్చాం. దుబాయ్ షో నేను చూడలేదు, చూసే ఉద్దేశమూ లేదు. ఇంత చెప్పాక ఎటు మొగ్గుతానో మీకు తెలిసిపోయే ఉంటుంది. అయినా పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఖర్చు, సెలవులు, వీసా లెక్కలు ఎవరివి వాళ్లకి తెలుసు. నేను పట్టించుకునేది ఒక్కటే. మనకీ ఆ ప్రాణికీ మధ్య ఎంత దూరం ఉండాలన్నది ఎవరి చేతిలో ఉంది? మనతో విసుగొస్తే అది వెళ్లిపోవడానికి దారి ఉందా?

ఇలా అడిగితే దుబాయ్ సంగతి త్వరగానే తేలిపోతుంది. కొలనులో డాల్ఫిన్‌కి వెళ్లే దారే లేదు. షో టైముకి రావాలి, ఎగరాలి, బంతి కొట్టాలి, దానికి కూలీ ఒక చచ్చిన చేప. మొహం నవ్వుతున్నట్టే ఉంటుంది గానీ అది దవడ ఆకారం. నొప్పితో ఉన్నా అదే నవ్వు. మన దేశంలో డాల్ఫిన్ షోలకు అనుమతి ఇవ్వొద్దని కేంద్ర జూ అథారిటీ 2013 మేలోనే రాష్ట్రాలకు చెప్పేసింది. అంతకుముందు 1998లో చెన్నై దగ్గర ఒక పార్కు బల్గేరియా నుంచి డాల్ఫిన్లు తెప్పిస్తే నెలల్లోనే చచ్చిపోయాయి. "అవి కొలనులోనే పుట్టినవి, సముద్రంలో వదిలినా బతకవు" అని మా కింది ఫ్లాటాయన వాదన. కావచ్చు. కానీ మనం కొనే టికెట్టు ఉన్నవాటికి తిండి పెట్టడంతో ఆగదు కదా, రేపు ఇంకో పిల్ల అదే కొలనులో పుట్టడానికి కూడా అదే పెట్టుబడి. కెనడా 2019లో చట్టం చేసి వినోదం కోసం డాల్ఫిన్లను పట్టడాన్నీ, కొలనుల్లో పిల్లలు పెట్టించడాన్నీ ఆపేసింది.

చిలికా దగ్గరికొస్తే అంత తేలిక కాదు.

అక్కడివి ఇరావదీ డాల్ఫిన్లు. పొడుగు మూతి ఉండదు, తల బూడిద గుమ్మడికాయలా గుండ్రంగా ఉంటుంది. దాదాపు 1,100 చదరపు కిలోమీటర్ల సరస్సులో అవి ఉన్నది సుమారు 150. మా అపార్ట్‌మెంట్‌లో జనం అంతకన్నా ఎక్కువే. సరస్సు సముద్రంలో కలిసే వైపు, సాతపడా దగ్గర ఎక్కువగా కనిపిస్తాయి. రైలు మార్గంలో ఉంది కదా అని బాలుగావ్‌లో దిగి బోటెక్కిన మనవాళ్లు చాలామంది కాళీజాయి గుడి, పక్షులు చూసి తిరిగొస్తుంటారు. పూరీ వెళ్లి అక్కడి నుంచి సాతపడా పోవాలి, 50 కిలోమీటర్లు.

మా బోటులో ఇంకో కుటుంబం కూడా ఉంది, రాజమండ్రి వాళ్లు. అరగంట తిరిగాక నీళ్లలో ఒక వీపు లేచింది, 'ఫుస్' మని ఊపిరి వదిలింది, మునిగింది. పక్కనే ఇంకో చిన్న వీపు. తల్లీపిల్లా అన్నమాట. ఇంతలో ఆ రాజమండ్రి ఆయన లేచి నిలబడి, "బాబూ, దగ్గరికి పోనీ, ఇంకో రెండొందలు ఇస్తా" అన్నాడు. మా బోటు తిరిగింది. మమ్మల్ని చూసి ఇంకో ఆరు బోట్లు తిరిగాయి. ఏడు ఇంజన్ల మోత, డీజిల్ పొగ. అవి మళ్లీ లేచింది చాలా అవతల, అదీ ఒక్క క్షణం. ఫోన్లలో పడింది నీళ్లే.

డాల్ఫిన్ ఆ బురదనీళ్లలో దారి వెతుక్కునేదీ, చేపను పసిగట్టేదీ చప్పుడు వదిలి, దాని ప్రతిధ్వని వినే. నీళ్లలో శబ్దం గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. ఏడు ఇంజన్లు చుట్టుముట్టడమంటే పెళ్లి ఊరేగింపులో డీజే పక్కన నిలబడి ఫోన్ మాట్లాడటం లాంటిది. పైగా పిల్ల పాలు తాగేది ఈదుతూనే, నీళ్ల అడుగునే. తరిమిన ప్రతిసారీ ఆ పాలు ఆగిపోతాయి. పైకి రాకుండా దాక్కుందామంటే ఊపిరి కోసం రాక తప్పదు. అంటే చిలికాలో వెళ్లిపోయే దారి ఉంది గానీ, దూరం ఎంతన్నది సగం డాల్ఫిన్ చేతిలో, సగం ఆ రెండొందల చేతిలో.

పడవతన్ని నేను తప్పు పట్టను. డాల్ఫిన్ కనపడకపోతే ఒడ్డుకొచ్చాక గొడవపడేది మనమే. అందుకే తిరుగుదారిలో అతనితో వచ్చీరాని హిందీలో చెప్పాను, కనపడకపోయినా నీ డబ్బు నీకే, కాసేపు ఇంజను ఆపు అని. ఆపాడు. ఇరవై నిమిషాలు పడవ అంచుకి నీళ్లు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. పిల్లలు బిస్కెట్లు తిన్నారు. అప్పుడు వచ్చాయి రెండు, ఓ డెబ్బై మీటర్ల అవతల, వాటంతట అవే. తొమ్మిదిసార్లు ఊపిరి తీసుకున్నాయని మా పాప లెక్కపెట్టింది. ఆ రాజమండ్రి ఆయన కూడా ఫోన్ జేబులో పెట్టేశాడు. (దారిలో బకెట్లో ఎర్ర పీతలు చూపించి, గవ్వ పగలగొట్టి "ముత్యం" అమ్మే చోట ఆపుతారు. దిగొద్దు. ఆ ముత్యం మన గవర్నర్‌పేటలో ఇంకా చవక.)

ఇక సూర్యలంక. గుంటూరులో మా ఆడపడుచు ఇంట్లో పడుకొని, తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరి, పొన్నూరు మీదుగా బాపట్ల చేరాం. అక్కడి తీరంలో అటవీశాఖ వాళ్ల హేచరీ ఉంటుంది. కుక్కలూ నక్కలూ తినేయకుండా, ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లు ఏరి తెచ్చి కంచె లోపల ఇసుకలో పాతిపెడతారు. ఒక్కో గూటికి వందకు పైగా గుడ్లు. పక్కన చిన్న పుల్ల, దాని మీద తేదీ, గుడ్ల లెక్క. 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొస్తాయి, ఎక్కువగా రాత్రిపూట.

మేం వెళ్లేసరికి ప్లాస్టిక్ టబ్బులో కొన్ని పదులు, ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. ఒక్కోటీ అగ్గిపెట్టె అంత. కాపలా తాత మా ముందు కర్రతో ఇసుకలో గీత గీశాడు. "దీన్ని దాటొద్దమ్మా. ఫోన్ లైట్లు ఆపండి." ఆ గీతకీ నీళ్లకీ మధ్య ఎవరో నడిచిన అడుగులుంటే చెక్కతో చదును చేశాడు. ఎందుకో తర్వాత అర్థమైంది. ఆయన కంటపడని ఒక్క అడుగు మిగిలిపోయింది. ఒక పిల్ల అందులో పడి, గోడ ఎక్కలేక, రెక్కలతో ఇసుక తోడుకుంటూ నిమిషానికి పైగా గుండ్రంగా తిరిగింది. మావాడు చెయ్యి చాచబోతే తాత వద్దన్నాడు. ఎలాగో బయటపడింది. మొదటి అల వెల్లకిలా వెనక్కి విసిరింది, రెండో అల తీసుకుపోయింది.

అన్నీ బాగానే ఉన్నా, నా ప్రశ్న ఇక్కడా వేయాలి. టబ్బులో పిల్లకి మాత్రం వెళ్లే దారి ఉందా? లేదు. అందుకే ఇక్కడ అసలు విషయం టైము. పుట్టిన మొదటి రోజు ఆగకుండా ఈది లోతు నీళ్లు చేరడానికి కావలసిన శక్తి, గుడ్డు సొనలో మిగిలిందే. టబ్బులో పాకే ప్రతి గంటా దాన్ని తినేస్తుంది. అతిథి రావాలనీ, ఫోటోలు పడాలనీ తెల్లారి ఎండెక్కేదాకా ఆపి వదిలితే అది కూడా షోనే, కొలను లేదు అంతే. కాబట్టి వెళ్లేముందు ఫోన్ చేసి అడగండి, "ఎన్నింటికి వదులుతారు?" అని. "మీరు ఎన్నింటికి వస్తే అన్నింటికి" అనే జవాబు వస్తే వెళ్లకండి. మాకు వచ్చిన జవాబు "మేం చీకటితోనే వదిలేస్తాం, మీరొస్తే రండి, లేకపోతే లేదు". నాకు అదే నచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు, వంద గజాల అవతల ఒక పెద్ద తాబేలు చచ్చిపడి ఉంది. ఒంటి మీద గాయం లేదు. మరపడవలు లాక్కెళ్లే ట్రాల్ వలలో చిక్కితే పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక అలా పోతాయట. సముద్రంలో మరపడవల చేపల వేట మీద నిషేధం ఏప్రిల్ 15న గానీ మొదలవదు. తల్లులు గుడ్లు పెట్టడానికి ఒడ్డు చేరేది మాత్రం ఎక్కువగా అంతకుముందే, జనవరి నుంచి మార్చి దాకా. పిల్లలకి ఏం చెప్పాలో తెలియక మొత్తం చెప్పేశాను. బాపట్లలో ఇడ్లీల దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

మిగతావి రెండు ముక్కల్లో. గోవాలో "డాల్ఫిన్ కనపడకపోతే డబ్బు వాపస్" అంటారు, అంటే తరమక తప్పదు. అండమాన్‌లో స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో ఊపిరి తీసుకుంటూ తేలి నీళ్లలోకి చూడటం) బాగానే ఉంటుంది, పగడాల మీద కాలు పెట్టకుండా తేలగలిగితే. ఫిలిప్పీన్స్ ఓస్లోబ్‌లో తిమింగల సొరలకి రోజూ రొయ్యపొట్టు పెట్టి పడవల దగ్గరికి అలవాటు చేశారు. వద్దు.

నా వరుస చెప్పాలంటే ముందు సూర్యలంక, తర్వాత ఇంజను ఆపే పడవ దొరికితే చిలికా. మా పక్క ఫ్లాట్ వాళ్లు ఇదంతా విని డాల్ఫిన్ టికెట్లు మానేశారు. ఆ సాయంత్రం ఎడారి సఫారీకి వెళ్తారట. ఒంటెల సంగతి మాత్రం నన్ను అడగొద్దని ముందే చెప్పేశాను.